అదే కిట్ మూడోసారి వద్దు

ప్రశ్న: నా వయసు 39. ఏడాదిగా కడుపు పైభాగంలో మంట, నొప్పి. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు, అర్ధరాత్రి దాటాక మరీ ఎక్కువ. ఎండోస్కోపీ చేసి చిన్నపేగు మొదట్లో పుండు పడిందని, హెచ్. పైలోరీ అనే బాక్టీరియా ఉందని చెప్పారు. క్లారిత్రోమైసిన్, అమాక్సిసిలిన్, పాంటోప్రజోల్ ఉన్న కిట్ 14 రోజులకు రాశారు. నోరు చేదు, విరేచనాలు తట్టుకోలేక 12వ రోజున ఆపేశాను. నొప్పి తగ్గింది. మూడు నెలలకు మళ్లీ మొదలైంది. డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా అదే కిట్ కొనుక్కుని ఈసారి పూర్తిగా వాడాను. అయినా రెండు నెలల తర్వాత చేసిన బ్రెత్ టెస్ట్‌లో పాజిటివ్ వచ్చింది. ఇప్పుడు కొత్త డాక్టర్ బిస్మత్, టెట్రాసైక్లిన్ రోజుకు నాలుగేసి సార్లు, మెట్రోనిడజోల్ మూడుసార్లు, ఈసోమెప్రజోల్ రెండుసార్లు, 14 రోజులు వాడమన్నారు. రోజుకు 13 మాత్రలు! చూస్తేనే భయం వేస్తోంది. ఇంకా మొదలుపెట్టలేదు. గొంతు నొప్పి వచ్చినప్పుడల్లా అజిత్రోమైసిన్ వాడే అలవాటుంది. విరేచనాలకు మెట్రోనిడజోల్ కూడా చాలాసార్లు మింగాను. నా ఒంట్లో ఇమ్యూనిటీ తక్కువా? టెన్షన్ వల్లే అల్సర్ అని ఇంట్లో వాళ్లు అంటున్నారు. ఇది క్యాన్సర్‌కు దారితీస్తుందా? పిల్లలకు అంటుతుందా? ఆ మొదటి కిట్‌నే ఇంకోసారి, ఇంకొన్ని రోజులు ఎక్కువ వాడితే సరిపోదా?
— ఒక పాఠకురాలు

సమాధానం: సరిపోదు. అదే కిట్ 14 రోజులు కాదు, నెల రోజులు వాడినా మీకు మేలు జరుగుతుందని నేననుకోను. కొత్త డాక్టర్ రాసిన నాలుగు మందుల కోర్సు సరైనది. మీ పరిస్థితిలో నేనైనా అదే రాసేవాణ్ని. ఈ వారంలోనే మొదలుపెట్టండి. ఒక్క షరతు: మీరు గర్భవతి అయినా, ఆ అవకాశం ఉన్నా, పిల్లలకు పాలిస్తున్నా ఆ మాట ముందే డాక్టర్‌కు చెప్పండి. గర్భంలో ఉన్న బిడ్డ ఎముకలు, పళ్ల మీద టెట్రాసైక్లిన్ ప్రభావం చూపుతుంది. కిడ్నీ, లివర్ జబ్బులున్నా, రక్తం పలుచబడే మందులు వాడుతున్నా అది కూడా చెప్పాలి.

ఇక ఇమ్యూనిటీ సంగతి. మీ ఒంట్లో ఏ లోపమూ లేదు. ఈ బాక్టీరియా సాధారణంగా చిన్నతనంలోనే కడుపులో చేరుతుంది. మందులు పడకపోతే జీవితాంతం అక్కడే ఉండిపోతుంది. ప్రపంచంలో దాదాపు సగం మంది కడుపుల్లో ఇది ఉంటుందని అంచనా. అంతమందికీ ఇమ్యూనిటీ లేదని అనలేం కదా. శరీరం దీన్ని గుర్తుపడుతుంది, పోరాడుతుంది, యాంటీబాడీలు కూడా తయారుచేస్తుంది. కానీ బాక్టీరియా కడుపు లోపలి గోడకు అంటుకుని ఉండే జిగురు పొర అడుగున దాక్కుంటుంది. మన రక్షణ కణాలు అక్కడికి చేరి పని ముగించడం కష్టం. మిగతా క్రిములు చచ్చిపోయే ఆ ఆమ్లంలో ఇది ఎలా బతుకుతుందంటే, యూరియేజ్ అనే ఎంజైమ్‌తో యూరియాను విడగొట్టి అమ్మోనియా తయారుచేసి, తన చుట్టూ ఉన్న ఆమ్లాన్ని విరిచేస్తుంది. మీకు చేసిన బ్రెత్ టెస్ట్ కూడా దీని మీదే ఆధారపడింది. మీ చేత తాగించింది గుర్తు పెట్టిన కార్బన్ ఉన్న యూరియా. కడుపులో ఈ బాక్టీరియా ఉంటేనే అది విడిపోయి, ఆ కార్బన్ మీ ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి వస్తుంది. మీ టెస్ట్ పాజిటివ్ వచ్చిందంటే కడుపులో బతికున్న బాక్టీరియా ఉన్నట్టే. పాత ఇన్‌ఫెక్షన్ తాలూకు గుర్తు కాదది.

మరి మందులు ఎందుకు పనిచేయలేదు? 12వ రోజున ఆపేయడం వల్లేనని మీరు మిమ్మల్ని నిందించుకుంటున్నట్టు ఉత్తరంలో కనిపిస్తోంది. చివరి రెండు రోజులు వదిలేయడం మంచిది కాదన్నది నిజమే. కానీ రెండోసారి పూర్తిగా వాడినా ఫలితం రాలేదు చూడండి. నాకు ఎక్కువ అనుమానం మీరు ఉత్తరం చివర్లో మామూలుగా రాసేసిన మాట మీదే ఉంది: గొంతు నొప్పికి అజిత్రోమైసిన్.

అజిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ మూడూ ఒకే కుటుంబం మందులు. బాక్టీరియా బతకడానికి ప్రోటీన్లు తయారుచేసుకోవాలి. ఆ పని చేసే రైబోజోమ్‌కు వెళ్లి అతుక్కుని, తయారీని ఆపేయడం ఈ మందుల పని. హెచ్. పైలోరీ జన్యువులో సరిగ్గా ఆ అతుక్కునే చోట ఒకే ఒక్క అక్షరం మారితే చాలు, మందుకు పట్టు దొరకదు. గొంతు నొప్పికి మీరు అజిత్రోమైసిన్ వేసుకున్న ప్రతిసారీ ఆ మందు గొంతుకే కాదు, కడుపుకీ వెళ్లింది. అక్కడున్న లక్షల బాక్టీరియాలో మందుకు లొంగేవి చచ్చాయి, అలా మార్పు వచ్చినవి బతికి బట్టకట్టాయి. తర్వాత అవే పిల్లల్ని పెట్టాయి. మీరు కిట్ మొదలుపెట్టే నాటికే క్లారిత్రోమైసిన్‌కు లొంగని సంతతి మీ కడుపులో చాలావరకు నిండిపోయి ఉండాలి. అప్పుడు మూడు మందుల కిట్‌లో నిజంగా పనిచేసిన యాంటీబయాటిక్ అమాక్సిసిలిన్ ఒక్కటే. అది ఒంటరిగా ఆ మోతాదులో పని ముగించలేదు. పాంటోప్రజోల్ ఆమ్లాన్ని తగ్గించింది కాబట్టి పుండు కొంత మానింది, నొప్పి తగ్గింది. బాక్టీరియా మిగిలింది. అందుకే మూడు నెలలకు కథ మళ్లీ మొదటికొచ్చింది.

మీ ఒక్కరికే జరిగింది కాదిది. క్లారిత్రోమైసిన్‌కు లొంగని హెచ్. పైలోరీని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో, కొత్త మందులు అత్యవసరంగా కావలసిన బాక్టీరియాల జాబితాలో అధిక ప్రాధాన్యం ఉన్న వర్గంలో చేర్చింది. ఒక ప్రాంతంలో ఇలా మందుకు లొంగకపోవడం (రెసిస్టెన్స్) 15 శాతం దాటితే, పరీక్ష చేయకుండా క్లారిత్రోమైసిన్ ఉన్న మూడు మందుల కోర్సు రాయకూడదని నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. చాలా ప్రాంతాలు ఆ గీత ఎప్పుడో దాటేశాయి. అయినా ఆ కిట్ తేలిగ్గా ఉంటుందని, రోజుకు రెండు పూటలే కాబట్టి రోగికి సులువని చాలామంది డాక్టర్లు ఇప్పటికీ అదే రాస్తున్నారు. నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను: రోగి ఇంతకుముందు ఏయే యాంటీబయాటిక్స్ వాడారో అడగకుండా హెచ్. పైలోరీకి మందు రాయకూడదు. ఈ జబ్బులో ఎండోస్కోపీ రిపోర్టు ఎంత ముఖ్యమో ఆ చరిత్ర అంతే ముఖ్యం.

రెండోసారి మీ అంతట మీరే అదే కిట్ కొనుక్కున్నారు. నొప్పి వేధిస్తుంటే, ముందు దేనితో తగ్గిందో దాన్నే తెచ్చుకోవాలనిపించడం సహజం. కానీ హెచ్. పైలోరీ విషయంలో ఒక నియమం గట్టిగా పట్టుకోండి: క్లారిత్రోమైసిన్‌తో ఒకసారి విఫలమైతే మళ్లీ ఆ మందు జోలికి పోకూడదు. లీవోఫ్లాక్సాసిన్ అనే మరో యాంటీబయాటిక్ విషయంలోనూ అంతే. ఈ రెండింటికీ బాక్టీరియాలో వచ్చే మార్పు శాశ్వతం. మోతాదు పెంచినా, రోజులు పెంచినా లొంగదు. అమాక్సిసిలిన్, టెట్రాసైక్లిన్ అలా కాదు. వీటికి హెచ్. పైలోరీ లొంగకపోవడం అరుదు కాబట్టి మళ్లీ వాడుకోవచ్చు.

ఇక ఆ 13 మాత్రల దగ్గరికి వద్దాం. ఇన్ని మందులు కలిపి ఎందుకంటే, ఒక మందును తట్టుకునే మార్పు ఉన్న బాక్టీరియా కోటిలో ఒకటి ఉందనుకోండి. ఆ ఒక్క మందే ఇస్తే ఆ ఒక్కటీ మిగిలి మళ్లీ కడుపంతా పెరుగుతుంది. అదే సమయంలో వేరే దారిలో చంపే రెండో మందు కూడా ఉంటే, ఆ ఒక్కటి కూడా దానికి చస్తుంది. రెండు మార్పులూ ఒకే బాక్టీరియాలో ఉండే అవకాశం అతి తక్కువ. క్షయకు ఒకేసారి నాలుగు మందులు ఇవ్వడం వెనకా ఇదే ఆలోచన. మీ కోర్సులో ఏ ఒక్క మందునూ ‘ఇది అంత అవసరం లేదులే’ అని పక్కన పెట్టకూడదని చెప్పేది అందుకే. ఒకటి మానేస్తే మిగతా వాటికి రక్షణ పోతుంది.

ఈ నాలుగింటిలో నాకు అన్నింటికన్నా ఇష్టమైనది బిస్మత్. ఇది యాంటీబయాటిక్ కాదు, ఒక లోహపు లవణం. పుండు మీద పొరలా పరుచుకుంటుంది. బాక్టీరియా గోడను, దాని ఎంజైమ్‌లను, కడుపు గోడకు అతుక్కునే శక్తిని ఒకేసారి దెబ్బతీస్తుంది. ఒక్కచోట కాకుండా ఇన్నిచోట్ల కొడుతుంది కాబట్టే, దీనికి హెచ్. పైలోరీ రెసిస్టెన్స్ తెచ్చుకున్న దాఖలా కనబడలేదు. బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్ కలిపి ఇవ్వడం 1980ల్లోనే మొదలైంది. తర్వాత క్లారిత్రోమైసిన్ కిట్లు వచ్చాక, మాత్రలు ఎక్కువని దాన్ని పక్కన పెట్టారు. రెసిస్టెన్స్ పెరిగాక ఆ పాత మందులకే మళ్లీ పెద్దపీట వేశారు. ఐరోపా నిపుణుల 2022 మార్గదర్శకాలు, అమెరికా వాళ్ల 2024 మార్గదర్శకాలు ఈ నాలుగు మందుల కోర్సును మొదటి చికిత్సగానే సూచిస్తున్నాయి. అంటే మీకు ఇప్పుడు రాసింది గత్యంతరం లేక ఇచ్చే మందు కాదు. మొదటిసారే రావలసిన మందు ఆలస్యంగా వచ్చింది, అంతే.

టెట్రాసైక్లిన్ కూడా బాక్టీరియా ప్రోటీన్ల తయారీనే ఆపుతుంది, కానీ క్లారిత్రోమైసిన్ పట్టుకునే చోట కాదు. అందుకే మీ కడుపులోని సంతతి దీనికి లొంగుతుంది. మెడికల్ షాపులో టెట్రాసైక్లిన్ దొరకడం కొన్నిసార్లు కష్టమవుతుంది. అలాంటప్పుడు ‘అదే జాతి మందు’ అంటూ డాక్సీసైక్లిన్ ఇస్తే డాక్టర్‌ను అడగకుండా తీసుకోకండి. ఈ పనికి అది టెట్రాసైక్లిన్ అంత బాగా పనికిరాదు.

‘విరేచనాలకు మెట్రోనిడజోల్ చాలాసార్లు మింగాను, మళ్లీ అదే ఎందుకు?’ అని మీకు అనుమానం రావచ్చు. వస్తే మంచి అనుమానమే. మీ బాక్టీరియాకు మెట్రోనిడజోల్ రెసిస్టెన్స్ ఉండే అవకాశం నిజంగానే ఉంది. అయితే ఈ మందు తీరు వేరు. క్లారిత్రోమైసిన్ రెసిస్టెన్స్ గోడలాంటిది, దాటలేం. మెట్రోనిడజోల్ రెసిస్టెన్స్‌ను మాత్రం మోతాదు బాగా ఉండి, రోజులు పూర్తిగా 14 ఉండి, పక్కన బిస్మత్ ఉంటే చాలావరకు దాటొచ్చు. ల్యాబ్‌లో లొంగదని తేలిన బాక్టీరియా కూడా ఈ కోర్సులో ఎక్కువమందికి పోతుంది. అందుకే మీ డాక్టర్ దాన్ని రోజుకు మూడుసార్లు, పూర్తి 14 రోజులు రాశారు. కాబట్టి 10 రోజులకు ఒళ్లు బాగానే ఉందనిపించినా ఆపకండి.

ఈసోమెప్రజోల్‌ను చాలామంది ‘గ్యాస్ మాత్ర’ అని చిన్నచూపు చూస్తారు. కడుపులో ఆమ్లాన్ని తగ్గించే మందు ఇది. ఈ చికిత్సలో అది యాంటీబయాటిక్స్‌కు సమానం. కడుపులో ఆమ్లం ఎక్కువగా ఉన్నంతసేపు బాక్టీరియా పెరగడం ఆపేసి ఊరికే పడి ఉంటుంది. పెరుగుతూ విభజన చెందుతున్న బాక్టీరియాను చంపడంలోనే దిట్టలైన మందులు అప్పుడు వృథా అవుతాయి. ఆమ్లం తగ్గగానే అది మళ్లీ పెరగడం మొదలుపెడుతుంది, మందుకు దొరికిపోతుంది. కొందరి లివర్ ఈ జాతి మాత్రలను చాలా వేగంగా కరిగించేస్తుంది. రోజుకు ఒకటి కాకుండా రెండు రాయడానికి అదొక కారణం.

13 అనే అంకె చూసి బెదిరిపోకండి. రోజులో పెట్టి చూస్తే ఇలా వస్తుంది. పొద్దున టిఫిన్‌కు అరగంట ముందు ఈసోమెప్రజోల్ ఒకటి. టిఫిన్ తిన్నాక బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్ మూడూ. మధ్యాహ్నం భోజనం చేశాక ఆ మూడే. రాత్రి భోజనానికి అరగంట ముందు ఈసోమెప్రజోల్ రెండోది, తిన్నాక మళ్లీ ఆ మూడూ. పడుకోబోయే ముందు బిస్మత్, టెట్రాసైక్లిన్. మీ చీటీలో వేరే వేళలు రాసి ఉంటే అవే పాటించండి. రాత్రే మర్నాటి మాత్రలన్నీ పూటల వారీగా విడదీసి చిన్న డబ్బాల్లో పెట్టుకోండి. ఏ పూటది మింగారో, ఏది మర్చిపోయారో చూడగానే తెలిసిపోతుంది. ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి పూట దగ్గరపడితే దాన్ని వదిలేయండి, రెండూ కలిపి మింగొద్దు.

పడుకునే ముందు వేసుకునే టెట్రాసైక్లిన్ విషయంలో జాగ్రత్త. ఒక గుక్క నీళ్లతో మింగి వెంటనే పడుకుంటే మాత్ర ఆహారనాళంలో చిక్కుకుని అక్కడే పుండు చేస్తుంది. నిండు గ్లాసు నీళ్లతో మింగి, కనీసం అరగంట కూర్చోండి. పాలు, పాల పదార్థాలు, కాల్షియం, ఐరన్, జింక్ మాత్రలు, యాంటాసిడ్ సిరప్‌లు టెట్రాసైక్లిన్‌ను కట్టేసి ఒంటికి పట్టనివ్వవు. వీటికీ మాత్రకూ మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి. మీరు ఐరన్ వాడుతుంటే ఈ రెండు వారాలు ఆపొచ్చా అని డాక్టర్‌ను అడగండి. ఎండలో ఎక్కువసేపు తిరగకండి, టెట్రాసైక్లిన్ వాడేటప్పుడు చర్మం తొందరగా కమిలిపోతుంది. మెట్రోనిడజోల్ వాడినన్నాళ్లూ, ఆ తర్వాత మూడు రోజుల దాకా మద్యం ముట్టకూడదు. కొన్ని దగ్గు సిరప్‌లలోనూ ఆల్కహాల్ ఉంటుంది, సీసా మీద చూసుకోండి.

ఈ మందులతో ఇబ్బందులు ఉంటాయి. ఉండవని మీకు అబద్ధం చెప్పను. నోట్లో ఇనుము నాకినట్టు రుచి, కొంచెం వికారం, నీరసం, మలం పలుచన కావడం మామూలే. మూత్రం రంగు ముదురుతుంది. నాలుక నల్లబడొచ్చు. బిస్మత్ వల్ల మలం కూడా నల్లగా వస్తుంది. ఇవన్నీ మందులు ఆపాక వాటంతటవే పోతాయి. ఈ సంగతి ముందే చెప్పకపోవడం వల్ల ఎంతోమంది మూడో రోజునే భయపడి కోర్సు ఆపేస్తారు.

అయితే మీకు పుండు ఉంది కాబట్టి ఒక తేడా బాగా గుర్తుపెట్టుకోవాలి. బిస్మత్ వల్ల వచ్చే నలుపు మలం మామూలుగా ముద్దగానే ఉంటుంది, వాసనలో పెద్ద తేడా ఉండదు. పుండు నుంచి రక్తం కారితే వచ్చే నలుపు వేరు. అది తారులా మెరుస్తూ, జిగటగా ఉంటుంది. నీళ్లు పోసినా ఓ పట్టాన వదలదు. ముక్కు పగిలే దుర్వాసన వస్తుంది. దాంతోపాటు కళ్లు తిరగడం, చెమటలు పట్టడం, గుండె దడ ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. కాఫీ పొడి రంగులో గానీ ఎర్రగా గానీ వాంతి అయినా, కత్తితో పొడిచినట్టు ఉన్నట్టుండి నొప్పి వచ్చి కడుపు గట్టిపడినా అంతే. నలుపు ఏ రకమో తేల్చుకోలేకపోతే మీలో మీరే తర్జనభర్జన పడకండి, డాక్టర్‌కు ఫోన్ చేయండి.

మొదటిసారి విరేచనాలు మిమ్మల్ని బాగా ఏడిపించాయని రాశారు. ఈసారి ఆ భయం పెట్టుకోకుండా, మొదలుపెట్టే ముందే డాక్టర్‌తో మాట్లాడండి. ప్రోబయాటిక్ కలిపితే కొంతమందికి విరేచనాలు తగ్గుతాయి. వికారానికి మాత్ర రాస్తారు. మీకు మీరే ఒక మందు ఎంచి మానేయడం మాత్రం వద్దు. మెట్రోనిడజోల్ పడకపోతే మోతాదు సర్దాలా, మందు మార్చాలా అన్నది డాక్టర్ చూసుకుంటారు. జ్వరంతోనో రక్తంతోనో విరేచనాలు అయినా, ఒంటి మీద దద్దుర్లు లేచినా, పెదాలూ ముఖమూ వాచినా, ఆయాసం వచ్చినా అది ఓర్చుకోవలసిన ఇబ్బంది కాదు. అదే రోజు చూపించుకోండి.

కోర్సు అయ్యాక చేసే పరీక్ష మీద నాకు పట్టుదల ఎక్కువ. నొప్పి తగ్గడం బాక్టీరియా పోయిందనడానికి రుజువు కాదని మీకు ఇప్పటికే అనుభవమైంది. చివరి యాంటీబయాటిక్, బిస్మత్ మాత్రలు అయ్యాక కనీసం 4 వారాలు ఆగాలి. ఈసోమెప్రజోల్‌ను పరీక్షకు 2 వారాల ముందు ఆపాలి. అప్పుడు బ్రెత్ టెస్ట్ గానీ, మలంలో యాంటిజెన్ పరీక్ష గానీ చేయించండి. తొందరపడి ముందే చేయిస్తే బాక్టీరియా సంఖ్య తాత్కాలికంగా తగ్గి ఉంటుంది, అది ఉన్నా లేదని వచ్చే ప్రమాదం ఉంది. ఆ రెండు వారాల్లో మంట వస్తే ఏం వాడాలో ముందే అడిగి పెట్టుకోండి. యాంటాసిడ్‌లతో చాలామందికి గడిచిపోతుంది. రక్తంలో యాంటీబాడీ పరీక్ష మాత్రం చేయించొద్దు. బాక్టీరియా పోయినా యాంటీబాడీలు నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి ఉంటాయి. ఆ రిపోర్టు చూసి అనవసరంగా మళ్లీ మందులు మింగినవాళ్లున్నారు.

టెన్షన్ గురించి మీ ఇంట్లో వాళ్లు అంటున్నది ఒకప్పుడు డాక్టర్లూ నమ్మిన మాటే. ఆమ్లంలో ఏ బాక్టీరియా బతకదనుకునేవాళ్లు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు ఈ బాక్టీరియాను ల్యాబ్‌లో పెంచడానికి ఎన్నోసార్లు ప్రయత్నించి విఫలమయ్యారు. మిగతా బాక్టీరియాల లాగే రెండు రోజులు చూసి ప్లేట్లు పారేసేవాళ్లు. 1982 ఈస్టర్ సెలవుల్లో ప్లేట్లు ఎక్కువ రోజులు అలాగే ఉండిపోయాయి. అప్పుడు పెరిగింది. అంత మెల్లగా పెరిగే బాక్టీరియా ఇది. 1984లో మార్షల్ దీన్ని తానే తాగి, కడుపులో వాపు తెచ్చుకుని చూపించారు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. టెన్షన్ వల్ల మంట, నొప్పి ఎక్కువగా తెలియొచ్చు. కారం తింటే పుండు మీద చురుక్కుమనొచ్చు. కానీ మీ పుండుకు కారణం రిపోర్టులో ఉన్న బాక్టీరియానే. మీరు నెమ్మదస్తురాలు కాకపోవడం వల్ల ఈ జబ్బు రాలేదని ఇంట్లో వాళ్లకు నా మాటగా చెప్పండి.

పుండుకు ఇంకో పెద్ద కారణం నొప్పి మాత్రలు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటివి మీరు తలనొప్పికో నడుంనొప్పికో వాడుతున్నారేమో రాయలేదు. వాడుతుంటే ఆపండి. ఆస్పిరిన్ గుండె కోసం రాసిందైతే మాత్రం డాక్టర్‌ను అడగకుండా ఆపొద్దు. నొప్పికి, జ్వరానికి పారాసెటమాల్ వాడుకోవచ్చు. సిగరెట్ అలవాటుంటే అదీ ఈ చికిత్సను దెబ్బతీస్తుంది.

క్యాన్సర్ అన్న మాట మీరు ఎంత భయంతో రాసి ఉంటారో ఊహించగలను. హెచ్. పైలోరీని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1994లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. అది నిజం. ఈ బాక్టీరియా ఉన్న 100 మందిలో జీవితకాలంలో కడుపు క్యాన్సర్ వచ్చేది 1 నుంచి 3 మందికే, అదీ దశాబ్దాల మీద. ఇదీ నిజమే. మీకు పుండు ఉన్నది చిన్నపేగు మొదట్లో. అక్కడి పుండు క్యాన్సర్ కావడం చాలా అరుదు. అదే కడుపులో ఉండి ఉంటే, మానిందో లేదో చూడటానికి మళ్లీ ఎండోస్కోపీ చేయించమనేవాణ్ని. బాక్టీరియా పోతే క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది, పుండు తిరగబెట్టడం దాదాపు ఆగిపోతుంది. మీ తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో ఎవరికైనా కడుపు క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి.

పిల్లల విషయానికొస్తే, ఈ బాక్టీరియా ఎక్కువగా కుటుంబంలోనే చిన్నతనంలో ఒకరి నుంచి ఒకరికి చేరుతుంది. నోటి ద్వారా, వాంతి, మలం ద్వారా సోకుతుంది. చేతులు శుభ్రంగా కడుక్కోవడం, మీరు నమిలింది పిల్లల నోట్లో పెట్టకపోవడం చాలు. వాళ్లను దూరం పెట్టక్కర్లేదు. ఏ ఇబ్బందీ లేని చిన్నపిల్లలకు పరీక్షలు చేయించి యాంటీబయాటిక్స్ వేయమని నేను చెప్పను. ఇంట్లో పెద్దవాళ్లలో ఎవరికైనా మీలాగే కడుపు మంట, నొప్పి ఉంటే వాళ్లు పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఒకవేళ ఈ నాలుగు మందుల కోర్సు పూర్తిగా వాడాక కూడా పరీక్ష పాజిటివ్ వస్తే, నాలుగోసారి గుడ్డిగా మందు వాడకండి. అప్పుడు ఎండోస్కోపీలో చిన్న ముక్క తీసి, మీ కడుపులోని బాక్టీరియా ఏ మందుకు లొంగుతుందో చూడమని అడగండి. ల్యాబ్‌లో పెంచి చూడటానికి వారం పైనే పడుతుంది, ఈ బాక్టీరియా అంత నెమ్మదిగా పెరుగుతుంది. జన్యు పరీక్ష అయితే త్వరగా తేలుతుంది, కొన్నిచోట్ల మలం నుంచి కూడా చేస్తున్నారు. ఆ ఫలితాన్ని బట్టి దారులున్నాయి. అమాక్సిసిలిన్‌ను పెద్ద మోతాదులో రోజుకు మూడు నాలుగుసార్లు ఇస్తూ, ఆమ్లాన్ని బాగా అణిచే మందు తోడుగా 14 రోజులు ఇవ్వడం ఒకటి. ఆమ్లాన్ని ఇంకా గట్టిగా, త్వరగా అణిచే వోనోప్రజాన్ అనే కొత్తరకం మందు ఇందుకు బాగా పనికొస్తోంది. అమాక్సిసిలిన్‌తో కలిపి వాడటానికి దానికి అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది. లీవోఫ్లాక్సాసిన్ మరో దారి. కానీ అదే కుటుంబానికి చెందిన సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ ఇదివరకు వాడినవాళ్లలో అది పనిచేయకపోవచ్చు, అజిత్రోమైసిన్ కథే అక్కడా. రిఫాబ్యూటిన్ క్షయ మందుల కుటుంబానికి చెందింది, తెల్ల రక్తకణాలను తగ్గించగలదు కాబట్టి దాన్ని చివరికి దాచుకుంటారు.

ఈ రోజే ఒక పని చేయండి. ఇంట్లో ఉన్న పాత మందుల చీటీలన్నీ వెతికి, గుర్తున్నంత మేర ఎప్పుడు ఏ యాంటీబయాటిక్ వాడారో ఒక కాగితం మీద రాయండి. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి ఉన్నాయేమో ప్రత్యేకంగా చూడండి. పెన్సిలిన్ పడదని ఎప్పుడైనా ఎవరైనా చెప్పి ఉంటే, అప్పుడు సరిగ్గా ఏం జరిగిందో కూడా రాయండి. ఆ కాగితం ఒక కాపీ మీ కొత్త డాక్టర్ ఫైల్‌లో పెట్టించి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఈసారి గొంతు నొప్పి వచ్చినప్పుడు కూడా దాన్ని తీసుకుని డాక్టర్ దగ్గరికే వెళ్లండి. చాలావరకు గొంతు నొప్పులు వైరస్ వల్ల వచ్చేవే, వాటికి అజిత్రోమైసిన్‌తో పనే ఉండదు.